ముందు కరెంటు, తర్వాత గాలి, ఆఖరికే కార్బొరేటర్

పాత బండ్ల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ సంచికకు నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కార్బొరేటర్ మీదివే. బండి దగ్గినా, ఆగినా, పెట్రోల్ ఎక్కువ తాగినా ముందు చెయ్యి పడేది దాని స్క్రూల మీదే. స్పార్క్ ఇప్పించే పాయింట్లు అరిగినా, ఇంజన్‌లోకి మిశ్రమం పోయే మానిఫోల్డ్ గొట్టం ప్యాకింగ్ దగ్గర గాలి పీల్చినా, వాల్వులు టైట్‌గా ఉన్నా లక్షణాలు ఇట్లాగే ఉంటాయి. అందుకే కొన్ని జవాబుల్లో కార్బొరేటర్ దాకా రాకముందు చూడాల్సినవి కూడా రాశాం. అవి దాటేయొద్దు.

ప్రశ్న (మునుగోడు నుంచి): నా బుల్లెట్ కార్బొరేటర్ విప్పి బోరు నీళ్లతోని కడిగిన. జెట్ల బొక్కలు సన్న తీగతోని తోడిన. బిగించినంక ముందటికన్నా అధ్వాన్నమైంది, స్లో నిలుస్తలేదు. ఏం తప్పు జేసిన?

జవాబు: రెండు తప్పులు జరిగాయి. మీ వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లు ఆరితే టీ గిన్నె అడుగున పట్టే తెల్లటి పొరే స్లో జెట్‌లోనూ (ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు పెట్రోల్ కొలిచి వదిలే ఇత్తడి ముక్క) పడుతుంది. స్లో జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి ఆ కాస్త పొరే చాలు, పెట్రోల్ ఆగిపోతుంది. కార్బొరేటర్‌ను ఎప్పుడూ పెట్రోల్‌తోనో, కార్బొరేటర్ క్లీనర్ స్ప్రేతోనో మాత్రమే కడగాలి. రబ్బరు రింగులు, ప్యాకింగులు ముందే తీసేయాలి, స్ప్రే తగిలితే ఉబ్బిపోతాయి.

ఇక తీగ. ఉక్కు తీగైతే రంధ్రం అరుగుతుంది. 0.40 మిల్లీమీటర్ల రంధ్రం 0.42 అయిందంటే చూపుకు తేడా తెలియదు గానీ, విస్తీర్ణం పది శాతం పెరుగుతుంది. అంటే పెట్రోల్ కూడా దాదాపు అంతే ఎక్కువ పోతుంది. రాగి తీగ అంతగా గీయదు గానీ కొస విరిగి లోపల ఇరుక్కుంటుంది. మీరు తోడిన జెట్లు పక్కన పడేసి, వాటి మీద ఉన్న నంబరువే కొత్తవి కొనండి. కొత్తవి దొరికేదాకా పాతవాటితో నడపాలంటే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా నిమ్మఉప్పు కలిపి ఇత్తడి జెట్లను మాత్రం పది నిమిషాలు నానబెట్టి, పెట్రోల్‌తో కడిగి, పంక్చర్ షాపు గాలితో ఊదండి. గాలి పెట్రోల్ వచ్చే దారికి ఎదురుగా కొట్టాలి, అప్పుడే చెత్త వచ్చిన దారినే వెనక్కి పోతుంది. నిమ్మఉప్పు నీళ్లలో కార్బొరేటర్ బాడీని మాత్రం ముంచకండి, ఆ పోత లోహాన్ని పులుపు తినేస్తుంది.

ప్రశ్న (జడ్చర్ల నుంచి): నేను ముప్పై ఏండ్లు అంబాసిడర్లు, జీపులు చేసిన మెకానిక్‌ను. మా అల్లుడు అమెరికాల, డల్లాస్‌ల 1970 షెవెల్ కారు కొన్నడు. 350 ఇంజన్, వీ-8, ఆటోమేటిక్ గేరు. దాని మీద హోలీ నాలుగు నోళ్ల కార్బొరేటర్ ఉన్నది. స్లోల నల్లపొగ కొడ్తది, పెట్రోల్ వాసనొస్తది, ఎక్సలేటర్ ఒక్కసారి తొక్కితే గుటక మింగినట్టు ఆగి అప్పుడు లేస్తది. వచ్చే నెల నేను అక్కడికి పోతున్న. ఎట్ల విప్పాలె, ఎట్ల సెట్ చేయాలె? కిట్ ఇక్కడి నుంచే పట్టుకపోవాల్నా?

జవాబు: కిట్ పట్టుకపోవాల్సిన పని లేదు, అక్కడ ఏ విడిభాగాల దుకాణంలోనైనా దొరుకుతుంది. నంబరు మాత్రం సరిగ్గా చెప్పాలి. కార్బొరేటర్ పైభాగంలో, చోక్ ఉండే గోడ మీద ‘లిస్ట్’ అని ఒక నంబరు కొట్టి ఉంటుంది. అది 1850 అయితే నిమిషానికి 600 ఘనపుటడుగుల గాలి పట్టే 4160 రకం, వెనక నోళ్లు వాక్యూమ్‌తో తెరుచుకునేది. 350 ఇంజన్ల మీద ఎక్కువగా కనబడేది ఇదే, కాబట్టి అదే అనుకుని రాస్తున్నాం. మీ అల్లుడిని ఆ నంబరు ఫొటో తీసి పంపమనండి.

పెద్దగా ఉంది కదా అని జంకొద్దు. మీరు సోలెక్స్ కార్బొరేటర్‌లో చూసినవే ఇందులోనూ ఉన్నాయి: ఫ్లోట్ (పెట్రోల్ నిలిచే బౌల్‌లో మట్టం పట్టి ఉంచేది), స్లో, మెయిన్, పంప్. ముందు రెండు నోళ్లతో బండి రోజూ నడుస్తుంది, వెనక రెండూ గట్టిగా తొక్కినప్పుడే తెరుచుకుంటాయి. కొత్తగా కనబడేది పవర్ వాల్వ్ ఒక్కటే. ఇంజన్ మీద బరువు పడి వాక్యూమ్ తగ్గినప్పుడు అది తెరుచుకుని అదనంగా పెట్రోల్ ఇస్తుంది.

ఇంకో మాట. 1970లో షెవెల్ 350 ఇంజన్లకు ఫ్యాక్టరీ నుంచి రోచెస్టర్ కార్బొరేటర్ వచ్చేది. హోలీ వచ్చింది 454 ఎల్ఎస్6 లాంటి పెద్ద ఇంజన్లకు. అంటే మీ అల్లుడి బండికి ఎవరో తర్వాత మార్చారు. రోచెస్టర్ నాలుగు నోళ్లదానికి ముందు నోళ్లు చిన్నవి, వెనకవి చాలా పెద్దవి. హోలీ 1850కి నాలుగూ ఇంచుమించు ఒకే కొలత. పాత మానిఫోల్డ్ అట్లాగే ఉంచి మధ్యలో అడాప్టర్ పలక పెట్టి హోలీ కూర్చోబెట్టి ఉంటే, ఆ పలక దగ్గర గాలి పీల్చే అవకాశం చాలా ఎక్కువ. అది ముందు చూడండి.

విప్పకముందు కరెంటు సంగతి తేల్చండి. ఇంకా పాయింట్లే ఉంటే డ్వెల్ (పాయింట్లు మూసి ఉండే కోణం) 30 డిగ్రీలు, ప్లగ్ గ్యాప్ 0.035 అంగుళాలు, అంటే 0.9 మిల్లీమీటర్లు. వాక్యూమ్ అడ్వాన్స్ పైపు తీసి మూసి, 3000 ఆర్‌పీఎం దగ్గర టైమింగ్ లైట్ పెడితే 34 నుంచి 36 డిగ్రీలు కనబడాలి. అది తక్కువుంటే స్లో నిలబెట్టడానికి ఎవరైనా థ్రాటిల్ స్క్రూ లోపలికి తిప్పుతారు, దాంతో కార్బొరేటర్ లెక్క మొత్తం చెడుతుంది.

తర్వాత మానిఫోల్డ్‌కు వాక్యూమ్ గేజ్ తగిలించండి. స్టాక్ క్యామ్ (వాల్వులు తెరిచే ఫ్యాక్టరీ కడ్డీ) ఉన్న మంచి ఇంజన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కన) చూపిస్తుంది, ముల్లు కదలకుండా ఉంటుంది. ముల్లు తక్కువలో నిలకడగా ఉంటే గాలి లీకో, టైమింగ్ వెనకబడిందో అనుకోవాలి. ఒకే తాళంలో కొట్టుకుంటుంటే వాల్వు సంగతి, దాన్ని కార్బొరేటర్‌తో బాగు చేయలేరు. లీకు పట్టడానికి కార్బొరేటర్ అడుగున, అడాప్టర్ చుట్టూ, వాక్యూమ్ పైపుల దగ్గర క్లీనర్ స్ప్రే ఒక్కో చుక్క కొట్టి ఇంజన్ చప్పుడు వినండి. స్పీడు మారిన చోటే లీకు. నిప్పార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో పెట్టుకోకుండా ఈ పని చేయొద్దు.

ఇప్పుడు నల్లపొగ. ఇంజన్ వేడెక్కాక గాలి ఫిల్టర్ తీసి చోక్ రేకు చూడండి. నిలువుగా తెరిచి ఉండాలి. కరెంటు చోక్ అయితే దాని తీగను ఎవరైనా కాయిల్ ప్లస్ నుంచి తెచ్చి ఉంటారు. అక్కడ రెసిస్టర్ తీగ వల్ల పూర్తి 12 వోల్టులు రావు, చోక్ పూర్తిగా తెరుచుకోదు, పైగా కాయిల్ కరెంటూ తగ్గుతుంది. కీ వేసినప్పుడు 12 వోల్టులు వచ్చే వేరే తీగకు మార్చాలి. చాలా బండ్ల నల్లపొగ ఇంతటితోనే పోతుంది.

చోక్ బాగుంటే ఇంజన్ స్లోలో ఉండగా ముందు పక్కలకు ఉన్న రెండు మిక్స్చర్ స్క్రూలను మెల్లగా లోపలికి ఆనేదాకా తిప్పండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తుంటే పెట్రోల్ వేరే దారిన వస్తోందన్నమాట: పవర్ వాల్వ్ డయాఫ్రమ్ చినిగిందా, మీటరింగ్ బ్లాక్ వంగిందా, ఫ్లోట్ లెవల్ ఎక్కువైందా, థ్రాటిల్ ఎక్కువ తెరిచి ఉందా అని ఈ నాలుగే వెతకాలి. కార్బొరేటర్‌లోకి ఒకసారి గట్టిగా ఎదురు కొడితే పవర్ వాల్వ్ చినగడం మామూలే.

విప్పేటప్పుడు: బ్యాటరీ మైనస్ తీయండి, పెట్రోల్ పైపు తీసి మూయండి. ప్రతి పైపుకూ చీటీ కట్టండి. మిక్స్చర్ స్క్రూలు తీయకముందు లోపలికి ఎన్ని చుట్లు ఆనాయో లెక్కపెట్టి రాసుకోండి. బౌల్‌కు నాలుగు పొడుగు స్క్రూలు, ఒక్కోదానికి వాచర్ ఉంటుంది. వాటిని తీస్తే బౌల్, దాని వెనకనున్న మీటరింగ్ బ్లాక్ (పెట్రోల్ దారులుండే దిమ్మ) వస్తాయి. ఆ బ్లాక్ మీద స్టీల్ స్కేలు నిలబెట్టి వెలుతురుకు పట్టుకోండి. మధ్యలో వెలుతురు కనబడితే ఎవరో స్క్రూలు అతిగా బిగించి వంచేశారు. చదునైన అద్దం మీద సన్న ఎమరీ కాగితం పరిచి మెల్లగా రుద్దితే కొంత వంపు సరిపోతుంది. చాలా వంగితే కొత్తదే వేయాలి. ఇదే బ్లాక్‌లో ముందు జెట్లు రెండు ఉంటాయి. వెనక వైపు 4160లో జెట్లకు బదులు పలుచని మీటరింగ్ పలక ఉంటుంది. దాని మధ్యనున్న సన్న ప్యాకింగుల వరుస తప్పితే వెనక బౌల్ పెట్రోల్ స్లోలోనే కారుతుంది. తీసిన వరుస ఫొటో తప్పకుండా పెట్టుకోండి.

పవర్ వాల్వ్ మీద 65 అని ఉంటే వాక్యూమ్ 6.5 అంగుళాలకు దిగినప్పుడు అది తెరుచుకుంటుందని అర్థం. ఆటోమేటిక్ బండికి లెక్క ఇదీ: హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు తొక్కి, డ్రైవ్ గేరులో పెట్టి వాక్యూమ్ చూడండి, అందులో సగం దగ్గరి నంబరు వేయండి. స్టాక్ ఇంజన్‌కు 65 సరిపోతుంది. పెద్ద క్యామ్ వేసి వాక్యూమ్ 9 దగ్గర ఉంటే 45 కావాలి, లేకపోతే స్లోలో వాక్యూమ్ కాస్త ఊగి దిగినా వాల్వ్ తెరుచుకుని పొగ మానదు.

నీడిల్, సీటు మార్చేటప్పుడు దాని రింగుకు కాస్త వ్యాజిలిన్ రాయండి, లేకపోతే బిగించేటప్పుడు చినిగి బౌల్ పొంగుతుంది. పంప్ డయాఫ్రమ్ తప్పకుండా కొత్తది వేయండి, అక్కడి పెట్రోల్‌లోనూ సాధారణంగా పది శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు గట్టిపడి ఉంటుంది.

తిరిగి పెట్టేముందు కార్బొరేటర్‌ను బోర్లించి ముందు థ్రాటిల్ రేకులు చూడండి. రేకు అంచు దగ్గర గోడలో నిలువు చీలిక ఒకటి ఉంటుంది. స్లోలో నడుస్తున్న బండి థ్రాటిల్ పైకి లేచేటప్పుడు మొదట పెట్రోల్ ఇచ్చేది అదే. రేకు కింద ఆ చీలిక చిన్న చదరంగా, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా కనబడేట్టు స్పీడు స్క్రూ పెట్టండి. పొడుగ్గా కనబడితే స్లో పెట్రోల్ అదుపు తప్పుతుంది, మిక్స్చర్ స్క్రూలు ఎంత తిప్పినా పని చేయవు. వెనక నోళ్లకు కూడా కింద ఒక చిన్న ఆపు స్క్రూ ఉంది. రేకులు గోడకు బిగుసుకోకుండా ఉంటే చాలు, దాన్ని ఎక్కువ తెరవకండి.

బౌల్ స్క్రూలు ఎదురెదురుగా, చేతి బలంతో మాత్రమే. అడుగు నట్లు కూడా అంతే, 60 నుంచి 80 అంగుళం-పౌన్లు, అంటే దాదాపు 7 నుంచి 9 న్యూటన్ మీటర్లు. లీకుంటే ఇంకా బిగించడం కాదు, ప్యాకింగ్ మార్చాలి.

ఇక సెట్టింగ్. పెట్రోల్ ప్రెషర్ 5 నుంచి 7 పీఎస్‌ఐ మధ్య ఉండాలి, అంతకు మించితే ఏ నీడిలూ ఆపలేదు. బండి చదును నేల మీద, ఇంజన్ స్లోలో ఉండగా బౌల్ పక్కనున్న చిన్న మూత తీయండి. పెట్రోల్ రంధ్రం కింది అంచు దాకా వచ్చి, బండి కాస్త ఊపితే చెమ్మగిల్లినట్టు పైకి పొంగాలి. పైనుంచి కారుతుంటే ఇంజన్ ఆపి, మధ్య లాక్ స్క్రూ వదులు చేసి పెద్ద నట్టు సవ్యంగా తిప్పితే లెవల్ దిగుతుంది, ఎదురు తిప్పితే పెరుగుతుంది. కింద గుడ్డ పట్టుకోండి, వేడి మానిఫోల్డ్ మీద పెట్రోల్ చుక్క కూడా పడకూడదు. ఇది కుదిరాక మిక్స్చర్ స్క్రూలు ఒకటిన్నర చుట్టు బయటికి పెట్టి, రెండింటినీ సమానంగా, ఒక్కోసారి ఎనిమిదో వంతు చుట్టు తిప్పుతూ వాక్యూమ్ గేజ్ అన్నిటికన్నా పైకి పోయే చోట ఆపండి. స్పీడు పెరిగితే స్పీడు స్క్రూ తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి. రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుంది, ఓపిక పట్టండి.

ఆ గుటక సంగతి ఎక్కువగా పంప్‌దే. ఇంజన్ ఆపి ఎక్సలేటర్ పూర్తిగా తెరిచి, పంప్ లీవర్‌కు, దాని మీది స్ప్రింగు స్క్రూ కొసకు మధ్య 0.015 అంగుళాల ఫీలర్ పలక, అంటే 0.38 మిల్లీమీటర్లది, దూరాలి. థ్రాటిల్ మూసినప్పుడు మాత్రం అక్కడ ఏమాత్రం సందు ఉండకూడదు. గొట్టంలోకి చూస్తూ థ్రాటిల్ కొంచెం కదిపితే ఆ క్షణమే పెట్రోల్ చిమ్మాలి. చిమ్మడం ఆలస్యమైతే గుటక ఖాయం. చిమ్ముడు బాగుండి కూడా ఆగితే తేడా ఇట్లా పట్టండి: కార్బొరేటర్ లోపలికి ఎదురు కొడితే పెట్రోల్ తక్కువ, వెనక నల్లపొగ వదిలి మెల్లగా లేస్తే ఎక్కువ.

ఇంతా అయ్యాక, బండి గట్టిగా తొక్కినప్పుడు మధ్యలో ఒకసారి కుంగి లేస్తే వెనక నోళ్లు తొందరగా తెరుచుకుంటున్నాయని. వాక్యూమ్ డబ్బాలోని స్ప్రింగుకు రంగులుంటాయి: తెల్లది అన్నిటికన్నా మెత్తన, నల్లది అన్నిటికన్నా గట్టిది. మెత్తని స్ప్రింగు తొందరగా తెరుస్తుంది. నోళ్లు ఎంత తెరుచుకుంటున్నాయో తెలియాలంటే డబ్బా కింద ఉన్న కడ్డీకి కాగితాల క్లిప్ ఒకటి పెట్టి డబ్బాకు ఆనించి, రోడ్డు మీద పూర్తిగా తొక్కి వచ్చి చూడండి. క్లిప్ డబ్బా నుంచి ఎంత కిందికి జరిగిందో అంతే తెరుచుకున్నట్టు. పూర్తిగా తెరుచుకోకపోతే బాధ పడొద్దు. 350 ఘనపుటంగుళాల ఇంజన్ 5500 ఆర్‌పీఎం దగ్గర పీల్చే గాలి లెక్క 350ని 5500తో హెచ్చించి 3456తో భాగిస్తే 557. స్టాక్ ఇంజన్ అందులో 85 శాతమే నింపుకుంటుంది, అంటే 470 చిల్లర. 600 సరిపోయి మిగులుతుంది. ఎవరైనా 750 వేయమంటే వినొద్దు.

జెట్లు మాత్రం ఆఖరికి. పైన చెప్పినవన్నీ కుదరకముందే జెట్ మార్చితే ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పినట్టు. మార్చినప్పుడు ఒకసారి ఒకటే మార్చి, ఏ రోజు ఏది మార్చారో నోటుబుక్కులో రాయండి.

ప్రశ్న (నకిరేకల్ నుంచి): మా నాయన కాలంనాటి అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్, ఎస్‌యూ కార్బొరేటర్. మెల్లగ పోతే మంచిగుంటది. ఎక్సలేటర్ తొక్కంగనే కుంగుతది. మెకానిక్ కార్బొరేటర్ పోయింది, కొత్తది వెయ్యాలంటున్నడు.

జవాబు: కొత్తది కొనకముందు పైనున్న నల్లటి మూత విప్పి చూడండి, డాష్‌పాట్‌లో (మూత కింద పిస్టన్ మీదుండే నూనె గొట్టం) నూనె ఉందో లేదో. ఎస్‌యూలో పిస్టన్ గాలికి పైకి లేస్తుంది. తొక్కగానే అది ఒక్కసారిగా లేస్తే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది. ఆ వేగాన్ని ఆపేది నూనెలో మునిగిన డ్యాంపర్. నూనె లేకపోతే మీరు చెప్పిన కుంగుడే. ఎస్‌ఏఈ 20 నూనె, పిస్టన్ మధ్య గొట్టం పైఅంచుకు అర అంగుళం పైదాకా పోయండి. పెద్ద ఖర్చు లేని మందు.

అదీ సరిపోకపోతే ఇంజన్ ఆపి, గాలి ఫిల్టర్ తీసి పిస్టన్‌ను వేలితో పైకి లేపి వదలండి. కిందికి దిగి ‘టక్’ మని లోహం చప్పుడు రావాలి. రాకపోతే పైగుమ్మటం తీయండి. గుమ్మటం, పిస్టన్ ఒకదానికొకటి జోడీ, వేరే బండిదాంతో కలపొద్దు, ఎమరీ కాగితం అసలే పెట్టొద్దు. పెట్రోల్‌తో తుడిచి ఆరబెట్టండి. నీడిల్ భుజం పిస్టన్ అడుగుతో సమానంగా ఉండాలి. అప్పటికీ పట్టేస్తే జెట్ మధ్యలో లేదు. అడుగున జెట్ నట్టు, స్ప్రింగు తీసి, స్ప్రింగు లేకుండా నట్టును పైదాకా బిగించండి. పెద్ద లాక్ నట్టు వదులు చేసి, పైన డ్యాంపర్ రంధ్రంలోంచి పెన్సిల్‌తో పిస్టన్ కిందికి నొక్కిపట్టి లాక్ నట్టు బిగించండి. జెట్ పైన ఉన్నప్పుడు, కింద ఉన్నప్పుడు రెండుసార్లూ అదే చప్పుడు రావాలి. స్ప్రింగుతో ఒక పక్కకు ఆనే నీడిల్ ఉన్నవాటికి ఈ పని అవసరం లేదు.

మిక్స్చర్‌కు జెట్ నట్టు పైదాకా పోనిచ్చి అక్కడి నుంచి 12 ముఖాలు, అంటే రెండు పూర్తి చుట్లు కిందికి దించి మొదలుపెట్టండి. కిందికి దించితే పెట్రోల్ పెరుగుతుంది, పైకెత్తితే తగ్గుతుంది. వేడి ఇంజన్ మీద పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు లోపే లేపండి: స్పీడు కాస్త పెరిగి మళ్లీ సర్దుకుంటే సరి. పెరిగి అట్లాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ. ఆగబోతే తక్కువ. ఒక్కోసారి ఒక్క ముఖమే తిప్పండి. థ్రాటిల్ కడ్డీ పైకీ కిందికీ ఊగుతుంటే మాత్రం ఆ సందులోంచి గాలి పోతుంది, అది బుష్ వేయించే దాకా ఏ సెట్టింగూ నిలబడదు.

ప్రశ్న (వనపర్తి నుంచి): ప్రీమియర్ పద్మిని ఉన్నది. బంకులల్ల ఈ20 (ఇథనాల్ ఇరవై శాతం కలిపిన పెట్రోల్) వచ్చినప్పటి నుంచి పికప్ తగ్గింది, రెండు వారాలు ఆపితే స్టార్ట్ కాదు. జెట్ పెద్దది వేయమంటున్నరు, వేయాల్నా?

జవాబు: లెక్క చూస్తే అర్థమవుతుంది. శుద్ధ పెట్రోల్ ఒక వంతు కాలడానికి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి. ఇథనాల్ 20 శాతం కలిస్తే దాదాపు 13.5 చాలు. అంటే పాత జెట్‌తో మిక్స్చర్ దాదాపు 8 శాతం పలచనవుతుంది. సోలెక్స్ జెట్ మీది నంబరు రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో: 120 అంటే 1.20 మిల్లీమీటర్లు. 8 శాతం ఎక్కువ పెట్రోల్ కావాలంటే వ్యాసం 4 శాతం పెరిగితే చాలు, అంటే 120 ఉంటే 125. స్లో జెట్‌కూ అదే లెక్క. అంతకు మించి పోవద్దు. మన ఎండాకాలం ఎట్లాగూ మిక్స్చర్‌ను చిక్కబరుస్తుంది: 15 డిగ్రీల చలి గాలికన్నా 43 డిగ్రీల గాలి తొమ్మిది శాతం పలచన. అందుకే జెట్ నిర్ణయం డిసెంబరులోనో ఏప్రిల్‌లోనో కాకుండా, మధ్యస్తంగా ఉండే రోజున ప్లగ్గు రంగు చూసి చేయండి. లేత గోధుమ రంగు మంచిది, తెల్లగా ఉంటే పలచన.

జెట్ కన్నా ముందు రబ్బరు సంగతి చూడండి. ఇథనాల్ పాత పైపులనూ పంపు డయాఫ్రమ్‌నూ ఉబ్బిస్తుంది. ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని రాసి ఉన్న పైపు, ఇథనాల్‌కు ఆగే డయాఫ్రమ్ వేయండి. ట్యాంకులో ఏళ్ల తరబడి పట్టిన జిగురును కూడా ఇథనాల్ కరిగించి తెస్తుంది, మొదటి రెండు మూడు ట్యాంకుల్లో ఫిల్టర్ రెండుసార్లు మార్చాల్సి వస్తుంది. ఇది నీళ్లనూ పీలుస్తుంది, రెండు వారాలు ఆపితే స్టార్ట్ కాకపోవడానికి అదీ ఒక కారణం కావొచ్చు. ఆపేటప్పుడు పెట్రోల్ పైపు మూసి బౌల్ ఖాళీ అయ్యేదాకా నడపండి, ట్యాంకు మాత్రం నిండుగా పెట్టండి.

ప్రశ్న (అచ్చంపేట నుంచి): ఎండకాలం మన్ననూరు ఘాట్ ఎక్కి చాయ్‌కి ఆగితే పెట్రోల్ జీపు మళ్ల స్టార్ట్ కాదు. అర్ధగంట ఆగితే అవుతది.

జవాబు: బానెట్ ఎత్తి వాసన చూడండి. పెట్రోల్ వాసన గట్టిగా ఉంటే వేడికి బౌల్‌లోని పెట్రోల్ మరిగి లోపల కారింది. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి అట్లాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, పంపు కొట్టినట్టు మళ్లీ మళ్లీ తొక్కొద్దు. వాసన లేకపోతే పైపులో ఆవిరి నిలిచింది. పంపు మీద, పైపు మీద తడి గుడ్డ వేస్తే అయిదు నిమిషాల్లో దిగుతుంది. శాశ్వతంగా పోవాలంటే కార్బొరేటర్ కింద మందపాటి ఫైబర్ ప్యాకింగ్ వేయించండి, సైలెన్సర్ పైపు పక్కగా పోయే పెట్రోల్ పైపును దూరంగా మార్చండి.

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి): ఆర్ఎక్స్100కి ఎయిర్ స్క్రూ లోపలికి తిప్పితే పెట్రోల్ పెరుగుతదా, తగ్గుతదా? ఒక్కొక్కరు ఒక్కతీరు చెప్తున్నరు.

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వేర్వేరు స్క్రూల గురించి. స్క్రూ గాలి ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని ఆపేది, లోపలికి తిప్పితే పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఆర్ఎక్స్100ది ఇదే. స్క్రూ ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోల్‌ను ఆపేది, లోపలికి తిప్పితే తగ్గుతుంది. ఏదైనా స్లో దగ్గరే పని చేస్తుంది. పావు నుంచి ముప్పావు థ్రాటిల్ దాకా నీడిల్ క్లిప్, ఆపైన మెయిన్ జెట్. పలచన చేసి మైలేజ్ కోసం చూడకండి, టూ స్ట్రోక్ ఇంజన్‌కు మిక్స్చర్ పలచనైతే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. మీ ఊళ్లో రైస్ మిల్లుల ఊక ధూళి ఫిల్టర్ ఫోమ్‌లో తొందరగా నిండుతుంది. స్క్రూ ముట్టుకోకముందు ఆ ఫోమ్ పెట్రోల్‌తో కడిగి, ఆరబెట్టి, కొంచెం ఆయిల్ పట్టించి పిండి పెట్టండి. పండుగకూ పబ్బానికీ కాదు, మిల్లులు నడిచే రోజుల్లో పదిహేను రోజులకోసారి.